బుల్లి స్టేషన్ కడుతున్నారా? పెంకులు, గోడలు, రేకుల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ బిల్డింగుల గురించే. మోడల్ రైలింజనూ పట్టాలూ డబ్బులుంటే కొనుక్కోవచ్చు గానీ మన డెల్టా పెంకుటి స్టేషనూ, కాలవ పక్కన రైసు మిల్లూ ఏ డబ్బాలోనూ ప్యాక్ చేసి అమ్మరు కదండీ, కూర్చుని కట్టుకోవాల్సిందే.

ప్రశ్న: మా తాతగారు పనిచేసిన చిన్న స్టేషన్‌ని హెచ్‌ఓ స్కేల్లో కడదామని ఉంది సార్. ఆ బిల్డింగు పడగొట్టేసి చాలా ఏళ్ళయింది, ఒక్క పాత ఫోటో మిగిలింది. కొలతలు ఎలా తీయాలి? పెంకులు ఒక్కొక్కటీ అంటించాలా? (నరసాపురం నుంచి ఒక పాఠకుడు)

ఫోటోలో ముందు తలుపు ఎక్కడుందో చూడండి. పాత తలుపు ఏడడుగులు అనుకుంటే పెద్దగా తేడా రాదు. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు కాబట్టి ఆ తలుపు మీ మోడల్లో 24.5 మిల్లీమీటర్లు వస్తుంది, ఇక అదే గోడ మీదున్న కిటికీ, చూరు ఎత్తు, స్తంభం అన్నీ ఆ తలుపుతో పోల్చుకుంటూ తీసెయ్యొచ్చు. అదే గోడ మీదున్నవి అని ఎందుకంటున్నానంటే చాలామంది ఫోటోలో ముందు నిలబడ్డ మనిషిని కొలబద్దగా పెట్టుకుంటారు, ఆయన కెమెరాకి దగ్గరగా ఉంటాడు కాబట్టి బిల్డింగు మొత్తం పొట్టిగా తయారవుతుంది. ఫోటో పక్కనుంచి తీసిందైతే పొడవు కుంచించుకుపోయి కనిపిస్తుంది, అప్పుడు ఎత్తులు మాత్రం ఫోటోలోంచి తీసుకుని పొడవుకి కిటికీలు, స్తంభాలు లెక్కెట్టుకోండి. ఇంకో సంగతి, ఒకే లైన్లో చిన్న స్టేషన్లు చాలావరకూ ఒకే నమూనాలో కట్టేవాళ్ళు, మీ లైన్లో పాత బిల్డింగు ఇంకెక్కడైనా నిలబడి ఉంటే స్టేషన్ మాస్టారుగారిని అడిగి టేపు పట్టుకెళ్ళండి, ఒక్క పూట పని.

ప్లాట్‌ఫారం మాత్రం పూర్తి పొడవు పెట్టాలనుకోకండి. 24 పెట్టెల బండి ఆగే ప్లాట్‌ఫారం 540 మీటర్లు అనుకున్నా మీకు ఆరు మీటర్ల పైన చోటు కావాలి. పొడవు ఎంతైనా తగ్గించుకోండి, ఎత్తు జోలికి మాత్రం వెళ్ళొద్దు. హై లెవెల్ ప్లాట్‌ఫారం పట్టా మీద నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే మీకు తొమ్మిది మిల్లీమీటర్లు అటూ ఇటూ. పొడవు తగ్గితే ఎవరూ పట్టించుకోరు గానీ పెట్టె గుమ్మానికీ ప్లాట్‌ఫారానికీ పొంతన కుదరకపోతే చిన్నపిల్లాడు కూడా కనిపెట్టేస్తాడు.

పెంకుల విషయానికొస్తే, ఒక్కొక్కటీ వద్దు బాబూ. మంగుళూరు పెంకు ఒకదాని మీద ఒకటి ఎక్కాక బయటికి కనిపించేది సుమారు 32 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, మీ స్కేల్లో 3.7 ఇంటూ 2.4 మిల్లీమీటర్లు. శుభలేఖ అట్ట కన్నా పల్చటి డ్రాయింగ్ కాగితాన్ని ఐదు మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, 2.4కి ఒకటి చొప్పున కింది అంచు నుంచి సగం దాకా బ్లేడుతో గాట్లు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ప్రతి పెంకు మధ్యా ఒక నొక్కుడు గీత గీయండి. చూరు దగ్గర మొదలెట్టి పైకి అంటించుకుంటూ వెళ్ళండి, ప్రతి పట్టీ కింది పట్టీ మీదికి 1.3 మిల్లీమీటర్లు ఎక్కాలి. అక్కడక్కడా ఒక పెంకు మూలని గోటితో కొంచెం పైకి లేపారా, ఆ నీడ వల్ల వచ్చే అందం ఏ రంగుతోనూ రాదు. రంగు కూడా కొత్త పెంకులా ఎర్రగా వేసెయ్యకండి, మన దగ్గర నాలుగు వానలు పడితే పెంకు నల్లబడిపోతుంది. ముందు మట్టి ఎరుపు, అది ఆరాక బాగా పల్చన చేసిన నలుపు పైనుంచి కిందికి జారనివ్వండి, చివర్లో ఉత్తరం వాలు మీద కాస్త పాచి ఆకుపచ్చ.

ప్రశ్న: బైండింగ్ అట్టతో గోడలు కోసి ఫెవికాల్‌తో ఇటుకల కాగితం అంటించాను. తెల్లారేసరికి అప్పడంలా వంగిపోయాయి. బరువు పెట్టినా తీసేశాక మళ్ళీ వంగుతున్నాయి. (రాజోలు నుంచి ఒక పాఠకురాలు)

ఫెవికాల్‌లో నీళ్ళుంటాయమ్మా. కాగితం ఆ తడికి సాగుతుంది, అంటుకున్నాక ఆరుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ అట్టని తన వైపు లాక్కుంటుంది. ఒక వైపే లాగితే వంగక ఏం చేస్తుంది? అందుకని అదే రకం కాగితం లోపలి వైపు కూడా అదే రోజు అంటించేయండి, రెండు వైపులా లాగుడు సమానమైతే గోడ నిటారుగా ఉంటుంది. జిగురు పాత ఏటీఎం కార్డుతో పల్చగా గీకండి, రెండు వైపులా ప్లాస్టిక్ కవరు పెట్టి డిక్షనరీల కింద తెల్లారేదాకా ఉంచండి, వానాకాలమైతే ఇంకో రోజు. అట్టకి ఒక పోగు వాలు కూడా ఉంటుంది, రెండు దిక్కులా వంచి చూస్తే ఒక దిక్కు తేలిగ్గా వంగుతుంది, పొడవాటి గోడలకి ఆ తేలిగ్గా వంగే దిక్కు పొడవు వెంబడి రాకుండా చూసుకుని కోయండి.

అసలు శత్రువు మాత్రం మన గాలే. కోనసీమలో ఉప్పే కరిగి నీళ్ళవుతుంటే అట్ట ఊరుకుంటుందా. కట్టడం అయ్యాక లోపలా బయటా, కోసిన అంచులతో సహా, మ్యాట్ వార్నిష్ పట్టించండి. లోపల ప్రతి రెండు మూడు అంగుళాలకీ ఒక అడ్డగోడ పెట్టండి, బయటికి కనిపించదు కదా. మైదా జిగురు మాత్రం వద్దు, బొద్దింకలకి భోజనం పెట్టినట్టే.

ప్రశ్న: గోదావరి ఆర్చి బ్రిడ్జి చెయ్యాలని కోరిక. గది పన్నెండడుగులు. (కొవ్వూరు)

లెక్క చూడండి. 1997లో రైళ్ళు తిరగడం మొదలైన ఆ బ్రిడ్జికి 28 ఆర్చిలు, ఒక్కోటి 97.55 మీటర్లు. హెచ్‌ఓలో ఒక్క ఆర్చే 112 సెంటీమీటర్లు, మొత్తం బ్రిడ్జి 31 మీటర్ల పైమాటే, గదేంటి వీధి కూడా చాలదు. మూడు ఆర్చిలు కట్టి, రెండు చివర్లా చెట్లో కొండో పెట్టి కప్పెయ్యండి. లేదా ఎన్ స్కేల్‌కి మారండి, 160లో ఒక వంతు కాబట్టి ఆర్చి 61 సెంటీమీటర్లే.

ప్రశ్న: నా దగ్గర హెచ్‌ఓ బండి ఉంది, ఎవరో ఓఓ అనే ఇంకో స్కేలు ఇళ్ళు ఇచ్చారు. పట్టా ఒకటే కదా, వాడొచ్చా? (కాకినాడ)

పట్టాల మధ్య వెడల్పు ఒకటే, 16.5 మిల్లీమీటర్లు, కానీ స్కేలు వేరు. హెచ్‌ఓలో అడుగుకి మూడున్నర మిల్లీమీటర్లు, ఓఓలో నాలుగు. అందుకే ఆ ఇళ్ళు మీ బండి పక్కన కాస్త పెద్దగా కనిపిస్తాయి, వాటిని చూసేవాళ్ళకి దగ్గరగా, మీ పట్టాలూ బిల్డింగులూ పేర్చిన బల్ల ముందు అంచున పెట్టండి, వెనక మాత్రం వద్దు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో నిజానికి 19.3 రావాలి, అందుకే మనవాళ్ళ బళ్ళన్నీ కొంచెం ఇరుకు పట్టా మీదే తిరుగుతుంటాయి. దానికి బాధపడక్కర్లేదు.

ప్రశ్న: రైసు మిల్లుకి రేకులు ఎలా? అట్టపెట్టె లోపలి మడతల కాగితం బాగుంటుందా? (తణుకు)

బాగోదు. ఆ మడత ఐదారు మిల్లీమీటర్లకి ఒకటి వస్తుంది, 87తో గుణిస్తే అడుగున్నరకో మడత, అలాంటి రేకు ఎక్కడైనా చూశారా? నిజం రేకుకి మూడంగుళాలకో మడత, అంటే మీకు మిల్లీమీటరు కన్నా తక్కువ. హార్డ్‌వేర్ షాపులో ఐదు ఎంఎం థ్రెడ్ రాడ్ అడగండి, దాని మర సరిగ్గా 0.8కి ఒకటి. బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగు కోసి, పాత మౌస్ ప్యాడ్ మీద పరిచి, రాడ్‌ని గట్టిగా నొక్కి ఒక్కసారే దొర్లించండి. వెనక్కి దొర్లిస్తే గీతలు రెండేసి పడతాయి. తర్వాత మీ స్కేల్లో ఒక్కో రేకు ముక్కగా కోసి ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి అంటించండి. చోటు తక్కువైతే మిల్లు మొత్తం అక్కర్లేదు, ముందు గోడా, రెండంగుళాల లోతూ, వెనక పొగ గొట్టం, అంతే. అరవై అడుగుల గొట్టం 21 సెంటీమీటర్లు వస్తుంది.

ప్రశ్న: స్టేషన్ లోపల లైటు వేస్తే గోడలు కూడా వెలుగుతున్నాయి. కిటికీ ప్లాస్టిక్ తెల్లగా మసకబారింది. (భీమవరం)

గోడలకి లోపల నల్ల రంగు వేసి, దాని మీద తెలుపు వెయ్యండి. మసక మాత్రం ఫెవిక్విక్ ఆవిరిది, అది సులువుగా పోదు, ప్లాస్టిక్ మార్చి ఈసారి ఫెవికాల్‌తో అంటించండి. 12 వోల్టులకి తెల్ల ఎల్‌ఈడీ ఒక్కటైతే 470 ఓమ్‌ల రెసిస్టర్ సరిపోతుంది గానీ ఆ వెలుగు పెళ్ళి పందిరిలా ఉంటుంది. వెయ్యి ఓమ్‌లు పెట్టి, ఎల్‌ఈడీకి పైన కాస్త పసుపు రంగు పూయండి.