బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు: ఉమ్మనీరు మింగినందువల్ల కాదు

కందుకూరులో మీ అక్కకు 37 వారాలు దాటగానే ముహూర్తం చూసి సిజేరియన్ చేయించామని, బిడ్డకు ఆయాసం వస్తే బాక్సులో పెట్టారని రాశారు. "ఉమ్మనీరు మింగేసింది" అని ఇంట్లో అంటున్నారు, నిజమేనా అని మీ ప్రశ్న. నెల్లూరులో పసిపిల్లల ఐసీయూలో నర్సుగా చాలాకాలం చేశాను. ఈ మాట ఎన్నో కుటుంబాల నోట విన్నాను. ఆ వెంటనే తల్లిని తప్పు పట్టడమూ చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆ నీరు బయటి నుంచి పోయింది కాదు. కడుపులో ఉన్నన్నాళ్లూ దాన్ని బిడ్డ ఊపిరితిత్తులే తయారు చేసుకుంటాయి. లోపలి పొర కణాలు క్లోరైడ్‌ను వాయుగోణుల్లోకి, అంటే పుట్టాక గాలి నిండాల్సిన చిన్న చిన్న తిత్తుల్లోకి, వదులుతాయి, దాని వెంట సోడియం, నీరు చేరతాయి. నెలలు నిండే సమయానికి అది బిడ్డ బరువులో కిలోకు సుమారు 20–30 మిల్లీలీటర్లు ఉంటుంది. ఊపిరితిత్తులు విచ్చుకుని పెరిగేది ఆ నీటి ఒత్తిడితోనే.

పుట్టేటప్పుడు అదే పొర ఎదురు పని చేయాలి. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ బాగా పెరుగుతుంది. దాంతో కణాల పైవైపు, అంటే గాలి ఉండాల్సిన వైపు, ఈనాక్ అనే సోడియం దారులు తెరుచుకుంటాయి. సోడియం కణంలోకి దిగుతుంది. కణం అడుగున ఉన్న పంపు 3 సోడియం అయాన్లను రక్తనాళాల వైపు తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. కణంలో సోడియం ఎప్పటికప్పుడు తగ్గుతుంటుంది కాబట్టి పైనుంచి మళ్లీ వస్తూనే ఉంటుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. అలా రక్తంలోకి, లింఫ్ నాళాల్లోకి చేరిపోతుంది. బిడ్డ తీసే తొలి శ్వాసలు కూడా నీటిని అటే నెడతాయి.

ఈ దారులు ఎంత ముఖ్యమో 1996లో ఎలుకల్లో తేలింది. ఈనాక్‌లోని ఒక భాగానికి సంబంధించిన జన్యువును తీసేస్తే, పుట్టిన పిల్లలు ఊపిరితిత్తుల నీరు ఇంకక 40 గంటల్లోపే చనిపోయాయి.

"పైపు పెట్టి ఆ నీరు లాగేయండమ్మా" అని అమ్మమ్మలు మమ్మల్ని బతిమాలేవారు. నోట్లో, ముక్కులో ఉన్నదైతే లాగొచ్చు. వాయుగోణుల్లోది కణాల గుండా ఇంకాల్సిందే. నొప్పులు రాకముందే సిజేరియన్ అయితే అడ్రినలిన్ అంతగా పెరగదు. పైగా కార్టిసోల్, థైరాయిడ్ హార్మోన్ల వల్ల ఈ దారులు పెరిగేది చివరి వారాల్లోనే. అందుకే నీరు ఆలస్యంగా ఇంకుతుంది. బిడ్డ నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తుంది, డొక్కలు ఎగరేస్తుంది. దీన్నే టీటీఎన్, అంటే పుట్టిన బిడ్డకు తాత్కాలికంగా వచ్చే ఆయాసం అంటారు. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా ఆక్సిజన్, అవసరమైతే సీపాప్ (ముక్కు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపే యంత్రం) పెడతారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే ఆయాసం కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేస్తారు, వాటికి టెన్షన్ పడొద్దు.

ముహూర్తం మాటకొస్తే నాది గట్టి అభిప్రాయం. మంచి తిథి దాటిన మర్నాడు మా వార్డులో బాక్సులు ఖాళీ ఉండేవి కావు. బీపీ, షుగర్, బిడ్డ గుండె చప్పుడులో తేడా లాంటి కారణాలుంటే డాక్టర్ చెప్పినప్పుడే చేయించాలి. అలాంటిదేమీ లేనప్పుడు 39 వారాల లోపు తేదీ పెట్టుకోవద్దు. ఆ తేదీ పెట్టింది ఇంటిల్లిపాదీ కలిసి, మీ అక్కను ఒక్కమాట అననివ్వకండి.

ఆయాసం తగ్గేదాకా పాలు గొట్టం ద్వారా పట్టవచ్చు. మీ అక్కను రెండు మూడు గంటలకోసారి పాలు పిండి వార్డుకు పంపమనండి. బిడ్డ మూలుగుతోందా, ఆక్సిజన్ తగ్గించగలుగుతున్నారా అని రోజూ డాక్టర్‌ని అడగండి. మూడో రోజుకీ తగ్గకపోతే వేరే కారణం చూస్తున్నారేమో తెలుసుకోండి.