తుఫాన్లు వచ్చే చోట పిల్లలతో కలిసి పెరటి తోట పెంచవచ్చా?

సముద్రానికి దగ్గరగా ఇల్లు మారామని, గాలివాన వచ్చినప్పుడల్లా మొక్కలు పడిపోతున్నాయని, పోయినసారి తను పెంచిన బొప్పాయి విరిగితే మీ ఏడేళ్ల బాబు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని రాశారు. ఇక తోట మానేయాలా అని అడిగారు. మానేయకండి. మేమూ అలాంటి చోటే పదకొండేళ్లుగా ఉంటున్నాం. మీలాగే మొదట్లో నేనూ ఏడ్చాను.

మొదటి ఏడాది నీడ కావాలని, త్వరగా కాయాలని మునగ, బొప్పాయి, అరటి అన్నీ గోడ పక్కనే వరసగా పెట్టాం. ఒక్క రాత్రిలో అన్నీ నేలకొరిగాయి. తెల్లారి పెరటి గుమ్మంలో కూలబడితే మా అత్తయ్య పక్కన కూర్చుని, "పడినవాటిని లెక్కపెట్టుకుంటూ ఉండకమ్మా, ఏది మళ్లీ చిగురేస్తుందో చూద్దాం" అన్నారు. మూడు వారాలకల్లా మునగ మోడు నుంచి చిగుళ్లు వచ్చాయి. అరటికి పిలకలు లేచాయి. పసుపు, చేమ మడుల్లో ఆకులు చిరిగాయి గానీ నేలలో దుంపలు చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి ఏ మొక్క కొనాలన్నా అది ఎంత బాగుందని చూడను, పడిపోతే ఎన్నాళ్లలో తిరిగి వస్తుందని చూస్తాను.

అందుకే మా తోటలో సగం నేలలోనే ఉంటుంది. చిలగడదుంప, కంద, చేమ, పసుపు, అల్లం. అల్లానికి మాత్రం నీళ్లు నిలిస్తే కుళ్లు వస్తుంది కాబట్టి మడి ఎత్తు చేయాలి. తీగలకు పక్కా పందిరి మానేసి, విప్పి పక్కన పెట్టగలిగే వల కట్టాం. పెద్ద చెట్లు రెండే ఉన్నాయి, అవి కూడా ఇంటి మీద పడనంత దూరంలో. చెట్టు చివరికి ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం వదలండి. గాలి వేగం రెండింతలైతే చెట్టు మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే కొమ్మలు గాలివానల కాలానికి రెండు నెలల ముందే పలుచన చేయిస్తాం. తల మొత్తం నరికేస్తే తర్వాత వచ్చే కొమ్మలకు పట్టు ఉండదు. తుఫాను కబురు విన్నాక హడావుడిగా కొట్టి కొమ్మలు అక్కడే వదిలేస్తే అవే ఎగిరి కిటికీలకు తగులుతాయి.

అరటి గురించి ఒక మాట. దాని ఆకులు గాలికి తెరచాపల్లాంటివి. 2006లో లారీ, 2011లో యాసీ తుఫాన్లు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అరటి తోటలను నేలమట్టం చేశాయి. యాసీ రాకముందే కొందరు రైతులు ఆకులు నరికేయడంతో ఆ తోటలు త్వరగా తేరుకున్నాయి. ఇది చదివాక మేమూ గెల వేయని చెట్లకు మొవ్వు చుట్టూ ఒకటి రెండు ఆకులు ఉంచి మిగతావి కోసేస్తున్నాం. గెల ఉన్న చెట్టుకు వెదురు బొంగులతో ఊతం ఇస్తాం.

ఊతం అంటే గుర్తొచ్చింది. ఒకసారి తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి ఆగి ఉండే భాగం, సరిగ్గా మా మీదుగానే వెళ్లింది. హోరు ఒక్కసారిగా ఆగిపోయింది, ఆకాశం తెల్లబడింది. పిల్లలు తలుపు దగ్గరికి పరిగెత్తారు, మావారు మామిడి మొక్క కట్టు సరిచేస్తానని చెప్పులు వేసుకున్నారు. అత్తయ్య గడియ వేసి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. అరగంట కాలేదు, ఈసారి గాలి అవతలి వైపు నుంచి విరుచుకుపడింది. ఒకవైపే కట్టిన ఆ మామిడి మొక్క తాడుతో సహా పెళ్లగించుకుపోయింది. దయచేసి మొక్కకు మూడు వైపులా కట్టండి, మెత్తటి గుడ్డతో, కాండం కొంచెం ఊగేంత వదులుగా. మధ్యలో గాలి ఆగితే మాత్రం ఎవరినీ గడప దాటనివ్వకండి.

పిల్లల టెన్షన్ తగ్గాలంటే వాళ్లకంటూ ఒక పని ఉండాలి. మా ఇంట్లో తుఫాను రెండు రోజుల్లో ఉందనగానే చిన్నది కుండీలు గోడ వారగా చేర్చి పడుకోబెడుతుంది, పెద్దవాడు ఎదిగిన కాయలు కోస్తాడు, నేను కాలువలు తవ్వుతాను. అత్తయ్య ప్రతి రకం విత్తనం ఒక్కో పొట్లం కట్టి డబ్బాలో పెడతారు.

గాలి పూర్తిగా తగ్గాక ముందు తెగిన కరెంటు తీగలున్నాయేమో పెద్దవాళ్లు చూసి రావాలి, ఆ తర్వాతే పిల్లలు. పోయినసారి మా కరివేపాకు పక్కకు పడిపోయి, తెల్లటి వేళ్లు సగం బయటికొచ్చి ఉన్నాయి. మా పాప పరుగున వెళ్లి తడి గోనెసంచి కప్పింది. ఆ మధ్యాహ్నమే నిలబెట్టి, పైన మూడో వంతు కొమ్మలు తీసేసి, మట్టి తొక్కి ఊతం కట్టాం. కొత్త ఆకు వచ్చే దాకా ఎరువు వేయలేదు. అది బతికింది. చిన్న మొక్కలకే ఈ పద్ధతి. పెద్ద చెట్టును లేపితే మళ్లీ పడే ప్రమాదం ఉంది. ఉప్పుగాలి తగిలిన ఆకులను మంచినీళ్లతో కడగండి. కొబ్బరి చిప్పల్లో, కుండీ పళ్లాల్లో నిలిచిన నీళ్లు వారం లోపే పారబోయాలి, దోమ గుడ్డు నుంచి ఎగరడానికి ఏడు నుంచి పది రోజులు చాలు.

ఇక మీ బాబు బొప్పాయి. దాని కాండం లోపల బోలుగా ఉంటుంది, పైగా రెండు రోజులు వేళ్లు నీళ్లలో నానితే చనిపోతుంది. కాబట్టి తప్పు బాబుది కాదని ముందు తనకు చెప్పండి. మట్టి దిబ్బ చేసి, దాని మీద మూడు మొక్కలు పెట్టించండి, మగవి వస్తే తీసేయవచ్చు. సుమారు పది నెలల్లో కాయలు చూస్తాడు. అంత ఓపిక పట్టలేడు కాబట్టి అదే రోజు పక్కన తోటకూర గింజలు చల్లించండి, నాలుగైదు రోజుల్లో మొలకలు వస్తాయి.

దిబ్బ ఎక్కడ వేయాలో తెలియాలంటే ఈసారి గట్టి వాన వెలిశాక తనను వెంటబెట్టుకుని పెరడంతా తిరగండి. నీళ్లు ఆగిన చోటల్లా ఒక పుల్ల గుచ్చమనండి. అక్కడ చేమ వేయండి, దానికి తడి ఇష్టం. బొప్పాయికి పుల్లలు లేని వైపు చూసుకోండి.