కంట్రీ రాక్ వాళ్లు మెత్తబడితే చెడిపోయినట్టేనా?

కంట్రీ రాక్ (అమెరికా పల్లె పాటల బాణీ కలిసిన రాక్) బ్యాండ్లు డెబ్బైల చివర్లో డబ్బు కోసం సాఫ్ట్ రాక్‌లోకి, అంటే మెత్తని రాక్‌లోకి దిగి చేసిన ఆల్బమ్‌లు వినదగ్గవేనా అని అడిగారు. వినదగ్గవే. నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే, పోకో అనే అమెరికన్ బ్యాండ్ వాళ్లది, 1978లో వచ్చిన 'లెజెండ్' ఆల్బమ్. అది చాలు.

మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో గిటార్ పట్టిన ప్రతివాడూ ఈగల్స్ పాట ఒకటే వాయిస్తాడు, పోకో పేరు మాత్రం ఎవడికీ తెలియదు. ఆ పోకో ఒకరకంగా ఈగల్స్‌కి కోచింగ్ సెంటర్. ఈగల్స్ బేస్ గిటారిస్ట్ రాండీ మైస్నర్ ఇక్కడి నుంచే వెళ్లాడు, అతని చోటుకి వచ్చిన టిమొతీ ష్మిట్‌ని కూడా 1977లో వాళ్లే పట్టుకుపోయారు. మిగిలింది రస్టీ యంగ్, పాల్ కాటన్. పదేళ్లు ఓ పక్కన స్టీల్ గిటార్ (పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించేది) ముందు కూర్చున్న రస్టీ ఈ ఆల్బమ్‌కి 'క్రేజీ లవ్' రాసి, తనే పాడేశాడు. 1979లో అది అమెరికాలో మెత్తని పాటలకి ఉండే అడల్ట్ కాంటెంపరరీ చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. మనుషులు పోయి ఇల్లు ఖాళీ అయినప్పుడు గొంతు దానంతటదే తగ్గుతుంది, దాన్ని అమ్ముడుపోవడం అంటే ఎలా?

నేను ఒహైయోలో ఎంఎస్ చదివేటప్పుడు పాత సామాన్ల షాపులో ఒక్క డాలర్‌కి కొన్నాను ఈ రికార్డు, అదీ అట్ట మీద నాలుగైదు గీతల్లో గీసిన గుర్రం నచ్చి. (గీసింది ఫిల్ హార్ట్‌మన్, తర్వాత టీవీలో పెద్ద కమెడియన్ అయ్యాడు.) మా రూమ్మేట్ విని "లిఫ్ట్‌లో వేసే మ్యూజిక్‌రా ఇది" అన్నాడు. వాడు ఎసైన్‌మెంట్లతో పాటు అభిప్రాయాలు కూడా కాపీ కొట్టే రకం, వదిలేయండి.

కాన్వొకేషన్‌కి మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. అదే రికార్డులోని 'హార్ట్ ఆఫ్ ద నైట్' పెట్టాను, న్యూ ఆర్లీన్స్ రాత్రి, వాన, మధ్యలో జారుకుంటూ వచ్చే ఆ స్టీల్ గిటార్. ఉప్మా తింటున్న మనిషి స్పూన్ ఆపేశారు. "ఇది మన రేడియోలో సినిమా పాటలు వాయించే హవాయిన్ గిటారే కదరా?" దాని చుట్టమే నాన్నా, దీనికి కింద పెడల్స్ కూడా ఉంటాయి, మోకాలితో నొక్కేవీ ఉంటాయి అన్నాను. "అయితే మీ అమ్మ కుట్టుమిషన్‌లాగా అన్నమాట" అని, మళ్లీ వేయమన్నారు. ఆయనకి ఇంగ్లీష్ పాట ఒక్క ముక్క అర్థం కాదు. సాక్సఫోన్ వచ్చినప్పుడు మాత్రం "ఇది అనవసరం" అన్నారు. నాకు నచ్చింది అదే, అయినా వాదించలేదు.

ఇండియాకి వచ్చేటప్పుడు ప్లేయర్ అమ్మేశాను, రికార్డు తెచ్చుకున్నాను. ఇప్పుడు తెనాలిలో బీరువా మీద ఉంది. మా మేనకోడలు ఆ గుర్రాన్ని చూసి నోట్‌బుక్ నిండా గీసిపారేస్తోంది. నాకు మెడ దాకా బాగానే వస్తుంది, తర్వాత మేక అయిపోతుంది.