గ్లూకోజ్ బాటిల్ తగిలించే ముందు

చిట్టీ,

నీకు నైట్ డ్యూటీలు మొదలయ్యాయని అమ్మ చెప్పింది. ఈ పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లవారుజామున వచ్చే కేసు ఒకటుంది. పాతికేళ్ల కుర్రాణ్ణి నలుగురు మోసుకొస్తారు. పగలంతా ధాన్యం బస్తాలు మోశాడు, రాత్రి పెళ్లిలో బూరెలూ పులిహోరా దట్టించి పడుకున్నాడు, లేవబోతే కాళ్లు రాలేదు. మాట బాగానే ఉంటుంది, గిల్లితే తెలుస్తుంది. వెంట వచ్చినవాళ్లలో ఒకరు పక్షవాతమంటారు, ఇంకొకరు గాలి సోకిందంటారు. అందరూ కలిసి మాత్రం "ముందు గ్లూకోజ్ ఎక్కించండమ్మా" అంటారు.

తొందరపడకు. ముందు గ్లూకోమీటర్ తియ్యి. షుగర్ 70 కంటే తక్కువుంటే గ్లూకోజే మందు. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినని ముసలాళ్లకు ఒక్కోసారి ఒక పక్కే పడిపోయి, అచ్చం పక్షవాతంలా ఉంటుంది. షుగర్ బాగుండి మూతి వంకరపోతే వెంటనే 108. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు 4.5 గంటలే గడువు.

కుర్రాడిది చాలాసార్లు పొటాషియం గొడవ. రక్తంలో 3.5 నుంచి 5 దాకా ఉండాల్సింది ఒక్కోసారి రెండుకు దిగిపోతుంది. ఒంట్లోంచి పోదు, కండరాల్లోకి దూరిపోతుంది. పిండివంటలు బాగా తింటే ఇన్సులిన్ పెరిగి దాన్ని లోపలికి తోస్తుంది. గ్లూకోజ్ బాటిల్ చేసేదీ అదే పని! అందుకే పొటాషియాన్ని గ్లూకోజ్ లేని సెలైన్‌లో కలిపి, డాక్టరుగారు చెప్పిన స్పీడులోనే పెట్టాలి. సిరంజితో నేరుగా ఎప్పుడూ ఇవ్వకు, గుండె ఆగిపోవచ్చు. ల్యాబ్ లేకపోయినా ఈసీజీ తీసి చూపించు. ఊపిరి ఆడటం లేదంటే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పంపించెయ్యాలి.

కాళ్లు వచ్చాక "తగ్గిపోయిందండి" అని ఇంటికి బయల్దేరతారు. వదలకు. చేతులు చాపించి వేళ్ల మీద కాగితం పెట్టు, అది వణుకుతుందేమో చూడు. దడ ఉందా, తింటున్నా చిక్కిపోతున్నాడా అడుగు. థైరాయిడ్ జబ్బులు ఆడవాళ్లకే ఎక్కువ గానీ, థైరాయిడ్ ఎక్కువై ఇలా పడిపోవడం మాత్రం మగవాళ్లలోనే ఎక్కువ, అందులోనూ మన ఆసియావాళ్లలో. థైరాయిడ్ అదుపులోకొస్తే ఇది మళ్లీ రాదు. బీపీ కూడా ఎక్కువుంటే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథి సంగతి చూడమని డాక్టరుగారికి గుర్తుచెయ్యి.

పొటాషియం అనగానే మన కోనసీమ వాళ్లు బొండాలు కొట్టుకొచ్చేస్తారు. కిడ్నీ పేషెంట్లకు పొటాషియం పెరిగినా కాళ్లు ఇలాగే పడిపోతాయి, వాళ్లకు కొబ్బరినీళ్లు ప్రాణం మీదకు తెస్తాయి. రిపోర్టు వచ్చేదాకా బొండాలు గుమ్మం బయటే ఉంచమను.

మీ పెద్దమ్మ