సోలార్ పెట్టించే ముందు మీ బడి మీటరు ఓసారి చూడండి

"మా ఊరి హైస్కూలుకి కరెంటు బిల్లు బాగా వస్తోంది, పూర్వ విద్యార్థులం చందాలేసుకుని సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి?" అని ఒకరు అడిగారు. నేను పల్నాడు జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారినండి. మా బడికీ ఇలాగే ఒక పదో తరగతి బ్యాచ్ పిల్లలు (ఇప్పుడు పిల్లలేం కాదు లెండి, ఇద్దరికి బట్టతల కూడా వచ్చింది) డబ్బులు పోగేసి పెట్టించారు. కిలోవాట్ల లెక్క చివర్లో చెప్తాను. దానికంటే ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది.

శనివారం సాయంత్రం బడి వదిలాక మీటరు రీడింగ్ ఫోన్లో ఫోటో తీసుకోండి. సోమవారం పొద్దున ఫస్ట్ బెల్ కొట్టకముందే ఇంకో ఫోటో. మా బడిలో ఆ 40 గంటల్లో, పురుగు కూడా లేని బడిలో, 22 యూనిట్లు కాలింది. మా హెడ్మాస్టారు మీటరే పాడైందన్నారు. మీటరు శుభ్రంగా ఉంది. నలుగురు తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని గదిగదీ తిరిగాను. వరండాలో వాటర్ కూలర్ రెండు రాత్రులూ ఒక పగలూ ఎవరూ తాగని నీళ్ళని చల్లబరుస్తూ కూర్చుంది. కంప్యూటర్ ల్యాబ్‌లో యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి, ఛార్జర్ మాత్రం వాటికి ఇంకా ఎక్కిస్తూనే ఉంది, పైన చెయ్యిపెడితే చురుక్కుమంది. గేటు దగ్గర హాలోజన్ లైటు పట్టపగలు కూడా వెలుగుతోంది. దాని స్విచ్చి ఎక్కడుందో అటెండరుకే తెలీదు, పిల్లలు వెతికి సైకిల్ షెడ్డు వెనక పట్టుకున్నారు.

తర్వాత మేం చేసిందల్లా మెయిన్ బోర్డులో ఎంసీబీల (ఒక్కో లైనుని విడిగా ఆపే స్విచ్చుల) మీద పెయింటు చుక్కలు పెట్టడం. ఎర్ర చుక్కవి సాయంత్రం దించేయాలి, పచ్చ చుక్కవి ముట్టుకోకూడదు. అటెండరు మారినా, ఇంఛార్జి మాస్టారు సెలవు పెట్టినా ఆ చుక్కలే చెప్తాయి. ఆ తర్వాత శని, ఆదివారాలకి 5 యూనిట్లే తిరిగింది, అదీ గేటు లైట్లదే.

ఫ్యాన్ల సంగతికొస్తే, మాకు 12 తరగతి గదులు, గదికి నాలుగు చొప్పున 48 ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్షులు లేని డీసీ మోటారుతో నడిచేది) 30 దగ్గర ఆగుతుంది. ఒక్కో దాని మీద 45 వాట్లు, 48 ఫ్యాన్లు, రోజుకి ఆరు గంటలు. దాదాపు 13 యూనిట్లు మిగులు. మన ఎండకి ఒక కిలోవాట్ సోలార్ రోజుకి సుమారు 4 యూనిట్లిస్తుంది. అంటే ఫ్యాన్లు మార్చడమంటే డాబా ఎక్కకుండానే మూడు కిలోవాట్ల సోలార్ పెట్టినట్టు. అన్నీ ఒకేసారి కొనే స్తోమత మాకు లేదు. బడికొచ్చే కాంపోజిట్ గ్రాంటు చాక్‌పీసుల దగ్గర్నుంచి చీపుళ్ళ దాకా అన్నిటికీ చాలాలి. రీవైండింగ్‌కొచ్చిన ఫ్యానునల్లా బాగుచేయించకుండా మార్చుకుంటూ మూడేళ్ళలో పూర్తి చేశాం.

ఇక్కడ ఒక దెబ్బ తిన్నాం, మీరు తినకండి. మొదటి విడత రిమోట్‌తో వచ్చే రకం కొన్నాం. బడిలో రిమోట్ వారం బతకదండీ! ఏడో తరగతి గదిలో రిమోట్ నొక్కితే పక్క ఫ్యాన్లు కూడా స్పీడు మారడం పిల్లలకి పెద్ద ఆటైపోయింది. పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి బిగిస్తే ఈ రకం సరిగ్గా పనిచేయదు కూడా. గోడ మీది రెగ్యులేటర్‌తోనే నడిచే బీఎల్‌డీసీలు దొరుకుతున్నాయి, బడికి అవే అడగండి.

మోటారు గురించి ఒక్క ముక్క. ట్యాంకు నిండి పొర్లుతుంటే పోయేది నీళ్ళొక్కటే కాదు. 3 హెచ్‌పీ మోటారు గంటకి రెండు యూనిట్ల పైనే తింటుంది. ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ పెట్టించండి, బాత్రూముల్లో కారే కుళాయిలు బిగించండి.

ఇక సోలార్. మాకు కొటేషన్ ఇచ్చినతను పాత బిల్లులు చూసి 10 కిలోవాట్లన్నాడు. పైన చెప్పినవన్నీ అయ్యాక ఏడాది వాడకం 12 వేల యూనిట్ల నుంచి 7 వేలకి దిగింది, 5 కిలోవాట్లు సరిపోయింది. లెక్క తేలికే: ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు 1400 యూనిట్లిస్తుంది కాబట్టి మీ ఏడాది యూనిట్లని 1400తో భాగించండి. కిలోవాట్‌కి వంద చదరపుటడుగుల నీడలేని డాబా కావాలి.

నీడలేని అన్నచోట ఆగి చూడండి. మాకు సర్వే చేసింది మే నెలలో. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, దక్షిణం వైపు నీళ్ళ ట్యాంకు నీడ దాని కిందే ముడుచుకుని ఉంది. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలాడు, ట్యాంకు నీడ సాగి రెండు ప్యానెళ్ళ మీద పడింది. ప్యానెళ్ళన్నీ దండలా వరసగా కలిపి ఉంటాయి కాబట్టి రెండింటి మీద నీడపడితే దెబ్బ మొత్తం వరసకి తగిలింది. పాఠంలో ఏళ్ళ తరబడి ఉత్తరాయణం, దక్షిణాయనం చెప్పిన నాకే తట్టలేదు, సిగ్గేసింది. చివరికి ట్యాంకునే ఉత్తరం వైపుకి మార్పించాం. పాత శ్లాబయితే బోల్టుల కోసం రంధ్రాలు వేయనివ్వకండి, వానాకాలం కారుతుంది. సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టమనండి.

నెట్ మీటర్ మాత్రం తప్పనిసరి. ఎండ దంచే మే నెలంతా బడికి సెలవులే కదా, అప్పుడు తయారయ్యేది గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్లోకి, పోయి మన లెక్కలో జమవ్వాలి.

పెట్టించాక నన్ను అందరూ అడిగిన ప్రశ్న: "మాస్టారూ, సోలార్ ఉందిగా, కరెంటు పోతే ఫ్యాన్లెందుకు ఆగాయి?" బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టం, లైనులో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు కొడుతుంది. చందాలిచ్చేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పేయండి, మేం చెప్పక ఆర్నెల్లు మాటలు పడ్డాం.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ, మూడు కిలోవాట్లకి 78 వేలు, ఇళ్ళకే. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. చందాలు చాలకపోతే రెస్కో పద్ధతి ఉంది, పెట్టుబడి కంపెనీ పెడుతుంది, మనం యూనిట్‌కింతని కడతాం. కాకపోతే అగ్రిమెంటు ఏళ్ళ తరబడి ఉంటుంది. ప్రభుత్వ బడి కాబట్టి డిపార్ట్‌మెంట్ అనుమతి లేకుండా సంతకం పెట్టకండి.

ఈ శనివారమే రీడింగ్ తీయండి. సోమవారం ఎంతొచ్చిందో, ఎన్ని గదులో, మోటారు ఎన్ని హెచ్‌పీనో రాస్తే కిలోవాట్లు కలిసి లెక్కేద్దాం.