హత్య జరిగిన గది కడగాలంటే ఎవరి అనుమతి కావాలి, ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా నాన్నగారి పేరు మీదున్న ఇంట్లో పై పోర్షన్ కిరాయికి ఇచ్చాం. అందులో ఒక్కరే ఉండే కిరాయిదారును మే నెలలో ఎవరో పొడిచి చంపారు. మూడో రోజు వాసన వస్తే తలుపు తీశారు. పోలీసులు సీలు వేశారు, మూడు వారాల తర్వాత తాళంచెవి చేతిలో పెట్టి "ఇక కడుక్కోండి" అన్నారు, కాగితం ఏమీ ఇవ్వలేదు. పరుపు, రక్తం, వాసన అన్నీ అలాగే ఉన్నాయి. ఇద్దరు కూలీలు 3,000 రూపాయలకు ఒప్పుకున్నారు. కడిగితే సాక్ష్యం చెరిపేశామని మా మీదికి కేసు వస్తుందా? నగర పరిషద్ (మున్సిపాలిటీ) వాళ్లు చేసి పెట్టరా? చనిపోయినాయన భార్య 40,000 అడ్వాన్స్ తిరిగి అడుగుతోంది, అందులోంచి ఖర్చు పట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఆ ఇద్దరు కూలీలకు ఫోన్ చేసి రావద్దని చెప్పండి. ఎందుకో కింద చెప్తాను, కానీ ఫోన్ మాత్రం ఇప్పుడే చేయండి.

ఇక కేసు భయం గురించి. సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద నేరం, పాత ఐపీసీలో ఇది 201. హత్య లాంటి పెద్ద నేరమైతే ఏడేళ్ల దాకా జైలు పడుతుంది. కానీ ఊరికే కడిగినంత మాత్రాన ఆ సెక్షన్ పట్టదు. నేరం జరిగిందని తెలిసి, నేరస్థుణ్ణి కాపాడాలనే ఉద్దేశంతో చేశారని రుజువు కావాలి. మీకు ఆ ఉద్దేశం లేదు, నాకు తెలుసు. రేపు కోర్టులో ఆ మాట చెప్పడానికి మీ చేతిలో ఏముంది అన్నదే అసలు సమస్య. తాళంచెవి ఇచ్చిన జమాదారు బదిలీ అయిపోతారు, కొత్తగా వచ్చిన తపాస్ (దర్యాప్తు) అధికారి "మేం కడగమని ఎప్పుడు చెప్పాం?" అంటే మీ దగ్గర జవాబు ఉండదు. అందుకే నోటిమాట మీద చీపురు కూడా ముట్టుకోవద్దు.

పోలీస్ స్టేషన్‌కు మరాఠీలో ఒక అర్జీ రాసుకెళ్లండి. ఫలానా నంబరు కేసులో ఫలానా తేదీన తాళంచెవి ఇచ్చారు, ఘటనాస్థల పంచనామా, ఫొటోలు, శాంపిళ్లు పూర్తయ్యాయా, గదిని శుభ్రం చేసుకోవడానికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తెలపండి, ఇంతే. రెండో కాపీ మీద ఆవక్ (అర్జీ అందినట్టు వేసే) ముద్ర, తేదీ వేయించుకోండి. ఫోరెన్సిక్ వాళ్లు వచ్చి వెళ్లారా అని కూడా అందులోనే అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు పైబడి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్నంతా వీడియో తీయించాలి. రాష్ట్రాలు దశలవారీగా అమలు చేసుకోవడానికి అయిదేళ్ల గడువు ఇచ్చారు కాబట్టి అన్ని చోట్లా ఒకేలా జరగకపోవచ్చు, మనం అడిగి తెలుసుకోవడమే మంచిది. వాళ్ల పని మిగిలి ఉండగా మీరు బ్లీచింగ్ పోస్తే డీఎన్ఏ పాడవుతుంది. రక్తపు మరకలు వెతకడానికి వాడే లూమినాల్ బ్లీచింగ్‌కు కూడా మెరుస్తుంది కాబట్టి, ఎక్కడ రక్తముందో ఎక్కడ లేదో తెలియకుండా పోతుంది. అవతల చంపినవాడు ఇదే చూపించి తప్పించుకోవచ్చు. చనిపోయినాయన భార్యకు న్యాయం జరగడం కూడా మీ చేతుల్లో కొంత ఉందని మరచిపోకండి.

వారం పది రోజులు చూసినా జవాబు రాకపోతే మీ పరిధిలోని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో అదే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద దరఖాస్తు పెట్టించండి. కేసు తేలేదాకా ఇల్లు మూసే ఉంచాలని ఎవరైనా అంటే, 2019లో నెవాడా ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తు చేయండి. అది మన మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసే. ఆస్తి జప్తు చేసే పాత సీఆర్పీసీ సెక్షన్ 102 అధికారం, కొత్త సంహితలో ఇప్పుడది 106, స్థిరాస్తికి వర్తించదని ముగ్గురు జడ్జీలు చెప్పారు. ఆధారాల కోసం కొన్నాళ్లు తాళం వేయడం వేరు, ఇంటిని ఏళ్ల తరబడి పట్టుకు కూర్చోవడం వేరు.

అనుమతి చేతికొచ్చాక, కడిగే ముందు గది మొత్తం ఫొటోలు, వీడియో తీయండి. విచారణలో జడ్జిగారు స్థలాన్ని స్వయంగా చూడాలనుకునే అవకాశం కూడా ఉంటుంది. కడిగేటప్పుడు కత్తి ముక్క, సిమ్ కార్డు, బంగారం ఏది కనిపించినా అక్కడే ఆపేసి, ముట్టుకోకుండా స్టేషన్‌కు చెప్పండి.

ఇప్పుడు కూలీల సంగతి. మన వైపు ఇలాంటి పని ఎప్పుడూ ఒకే బస్తీ వాళ్లకు చెప్తారు, ముందు ఒక క్వార్టర్ తాగించి, ఒక ఫినాయిల్ సీసా ఇచ్చి, ఉత్త చేతులతో లోపలికి పంపిస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మీ గదికి మూడు వారాలు దాటింది నిజమే, కానీ హెపటైటిస్ సి అంతకంటే ఎక్కువ కాలం నిలిచినట్టు పరీక్షల్లో తేలింది, కుళ్లిన ద్రవాల్లో మిగతా సూక్ష్మక్రిములు ఎలాగూ ఉంటాయి. పైగా చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ వాళ్లతో వెట్టిచాకిరీ చేయించినా, శవాలు మోయించినా అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. ఇష్టపడి, సరైన కూలి తీసుకుని, రక్షణతో చేస్తే తప్పు కాదు, కానీ "మీ పనే కదా" అని బలవంతపెట్టిన రోజు మీరు ముద్దాయి అవుతారు.

అమెరికాలో ఈ పనికి ప్రత్యేకంగా కంపెనీలే ఉన్నాయి. రక్తంతో పనిచేసే ఉద్యోగులకు టీకా, గ్లోవ్స్, శిక్షణ యజమానే ఇవ్వాలని అక్కడ 1991లోనే నిబంధన వచ్చింది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు, పెద్ద నగరాల్లో మాత్రం కొన్ని సంస్థలు ఈ పని చేస్తాయి. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో డీప్ క్లీనింగ్ చేసేవాళ్లను అడగండి, అయితే రక్తం ఉందన్న సంగతి ముందే చెప్పాలి, దాచిపెట్టి పిలవడం మోసం. వచ్చినవాళ్లు పని తెలిసినవాళ్లో కాదో ఇలా గుర్తుపట్టవచ్చు. రెండు జతల గ్లోవ్స్, ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, గంబూట్లు లేకుండా లోపల అడుగుపెట్టరు. రక్తం మీద నేరుగా బ్లీచింగ్ పోయరు, ఎందుకంటే మురికిలో క్లోరిన్ బలం చచ్చిపోతుంది. ముందు తుడిచి, చల్లని నీళ్లతో, సబ్బుతో కడిగి (వేడినీళ్లయితే రక్తం గట్టిపడి అంటుకుపోతుంది), ఆ తర్వాతే 1 శాతం క్లోరిన్ ద్రావణం వేసి కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచుతారు. బజారులో దొరికే మంచి బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు సుమారు 30 గ్రాములు వేస్తే ఆ బలం వస్తుంది, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. దాంతో టాయిలెట్ యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది, మూసిన గదిలో ప్రాణం పోతుంది.

పరుపు, దిండు, చాప, పీల్చుకున్న ప్లైవుడ్, వీటిని కడగలేం, పారేయాల్సిందే. చంద్రపూర్ ఎండలో మూడు రోజులున్న శవం కాబట్టి ద్రవాలు నేల పగుళ్లలోకి, టైల్స్ కిందికి దిగి ఉంటాయి. వాసన పోవడం లేదంటే అగరబత్తీలు, సెంటు కొట్టి లాభం లేదు, ఆ భాగం టైల్స్ పగలగొట్టి, కింద సిమెంటు చెక్కి, క్రిమిరహితం చేసి మళ్లీ వేయాలి. శాంతి పూజ చేయించుకోండి, కాదనను, కడగడం అయ్యాక చేయించండి. పని చేస్తుండగా ఎవరికైనా గాజు గీరుకున్నా, సూది గుచ్చుకున్నా సబ్బుతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది.

చెత్త దగ్గర చట్టంలో ఒక ఖాళీ ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చికిత్స, పరీక్షల్లో వచ్చిన వ్యర్థం గురించి చెప్తాయి, హత్య జరిగిన ఇంటి గురించి నేరుగా చెప్పవు. ఆసుపత్రిలో అయితే రక్తం అంటిన పరుపు పసుపు సంచిలో వెళ్లి కాలిపోతుంది. నగర పరిషద్ ఆరోగ్య విభాగానికి రాతపూర్వకంగా అడిగి, వాళ్ల ద్వారా ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీకి డబ్బు కట్టి అప్పగించడం మంచి దారి. గది లోపల కడిగే బాధ్యత నగర పరిషద్‌ది కాదు, చెత్త తీసుకెళ్లే బాధ్యత మాత్రం వాళ్లదే. పొద్దున వచ్చే ఘంటాగాడీలో (చెత్తబండిలో) చెప్పకుండా వేయడం, వర్ధా నదిలో పారేయడం, ఖాళీ స్థలంలో తగలబెట్టడం ఏదీ కుదరదు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని 2016లో హరిత ట్రైబ్యునల్ చెప్పింది.

ఖర్చు మాటకొస్తే, కడిగించే ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలనే సెక్షన్ ఎక్కడా లేదు. ఇల్లు మీది, మొదట పెట్టుకోవాల్సింది మీరే. బిల్లులన్నీ దాచండి. నేరం రుజువై శిక్ష పడితే, ఆ నేరం వల్ల నష్టపోయినవాళ్లకు జరిమానాలోంచి పరిహారం ఇప్పించే అధికారం నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 395 కింద కోర్టుకు ఉంది, ప్రాసిక్యూటర్ ద్వారా అడగండి. అడ్వాన్స్ మీద మాత్రం చేయి వేయకండి. బాకీ కిరాయి, కరెంటు బిల్లు ఉంటే లెక్క చూపించి తగ్గించుకోవచ్చు. చంపింది మూడోవాడైనప్పుడు ఆ రక్తం కడిగిన ఖర్చు చనిపోయినాయన ఖాతాలో రాయడం న్యాయంగా నిలబడదని నా అభిప్రాయం, అగ్రిమెంట్‌లో డ్యామేజీ క్లాజు ఉన్నా సరే. మిగిలిన డబ్బు ఆమెకు, పిల్లలకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా హక్కు ఉంటుంది కాబట్టి అందరి సంతకాలతో రసీదు తీసుకుని ఇవ్వండి. గదిలో ఆయన సామాను కూడా మీరు పారేయకండి, లిస్టు రాసి ఆమెను పిలిచి చూపించి, ఏది ఉంచాలో ఏది వదిలేయాలో ఆమె చేతే రాయించుకోండి.

ఆమెకు ఇంకో మాట కూడా చెప్పండి. అదే సంహిత సెక్షన్ 396 కింద బాధితుల పరిహార పథకం ఉంది, హంతకుడు దొరక్కపోయినా ఆధారపడినవాళ్లు అడగవచ్చు. ఘటన మహారాష్ట్రలో జరిగింది కాబట్టి అర్జీ చంద్రపూర్ జిల్లా న్యాయ సేవా ప్రాధికరణలో పెట్టాలి, రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టమే చెప్తోంది. లాయరు ఫీజు అక్కర్లేదు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 కు ఫోన్ చేస్తే దారి చెప్తారు, మరాఠీ రాకపోతే అర్జీ రాయడంలో మీరే పక్కన ఉండండి.