యువాన్‌యాంగ్ మెట్ల మళ్ళు: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి

చైనాలో మహానగరాలు కాకుండా, పల్లెలతో నిండిన ఏదైనా ఒక కౌంటీని నాలుగు రోజుల్లో చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలని మీరు అడిగారు. నిరుడు జనవరిలో నేనూ నా భార్యా యున్నాన్ రాష్ట్రపు దక్షిణ భాగంలో ఉన్న యువాన్‌యాంగ్ కౌంటీకి వెళ్ళివచ్చాం కాబట్టి, ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

అయ్‌లావ్ కొండల వాలు మీద హానీ జాతి రైతులు పదమూడు వందల ఏళ్ళుగా మలుచుకుంటూ వచ్చిన వరి మళ్ళను యునెస్కో 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సూర్యోదయానికి దువొయిషు, సూర్యాస్తమయానికి లావ్‌హుజుయ్, ఈ రెంటి నడుమ బాదా అన్నవి అందరూ వెళ్ళే చోట్లు. లావ్‌హుజుయ్ అంటే పులి నోరు అని అర్థం. అక్కడ నిలబడి చూస్తే లోయ అడుగు దాకా వంపులు తిరిగిన వందలాది మళ్ళలో ఆకాశం రంగులు మారుతూ కనిపిస్తాయి.

అయితే ఈ మూడు చోట్లా ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చేస్తే చూడవలసింది సగం కూడా చూసినట్టు కాదని నా గట్టి అభిప్రాయం. కొండ నెత్తిన అడవి, దాని కింద ఊరు, ఊరి కింద మళ్ళు, అట్టడుగున నది ఉంటాయి. అడవి పట్టి ఉంచిన నీరు కాలువల గుండా ఊళ్ళోకి వచ్చి, అక్కడి నుంచి పై మడిలోంచి కింది మడిలోకి దిగుతూ పోతుంది. మేము ఒక రోజంతా కాలువ గట్టు వెంట నడిచాం. ఒకచోట కాలువకు అడ్డంగా ఒక దుంగ ఉంది. దానికి వేర్వేరు వెడల్పుల్లో గాళ్ళు చెక్కి ఉన్నాయి, ఒక్కో గాడి గుండా పారే నీరు ఒక్కో వాటా. ఎవరికెంత అన్నది ముందే ఒప్పుకుని ఆ వెడల్పు చెక్కుతారు. కాలువను కాపాడేందుకు ఊరివాళ్ళు ఒక మనిషిని పెట్టుకుని, కోతలయ్యాక అతనికి ధాన్యం కొలిచే ఆచారం ఉందని విన్నప్పుడు, మా ఊళ్ళో చెరువు కింద నీళ్ళు పంచిన నీరటి నాకు గుర్తుకు వచ్చి మనసు నిండిపోయింది.

కొన్ని మళ్ళలో నీరు ఎర్రగా కనిపించింది. అది నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్క, చలికి ఎర్రబారింది. మన రైతులు పశువుల మేతకు పెంచే అజొల్లా అక్కడ కొండ మీద ఎర్ర తివాచీలా పరుచుకోవడం చూసి చాలాసేపు కదలలేకపోయాను.

తప్పకుండా ఆగవలసిన ఊరు అజెకె. పుట్టగొడుగుల్లా గడ్డి కప్పు వేసిన మట్టి ఇళ్ళు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. పశువులు కింద, మనుషులు నడిమి అంతస్తులో, ధాన్యం అటక మీద ఉండేలా కట్టిన ఇళ్ళవి. 2018 నుంచి ఒక విశ్వవిద్యాలయం సాయంతో, పర్యాటకంలో వచ్చే లాభంలో 70 శాతం గ్రామస్థులకు పంచే పద్ధతి అక్కడ నడుస్తోంది. పాత ఇంటిని కాపాడుకున్న కుటుంబానికి, మడిని సాగులో ఉంచిన కుటుంబానికి అందులో విడివిడిగా వాటాలు ఉంటాయి. సాగు ఆగితే ఈ దృశ్యమే ఉండదు కనుక ఇది చాలా న్యాయమైన ఏర్పాటని నాకనిపించింది.

వెళ్ళే కాలం విషయంలో మాత్రం పొరపాటు చేయకండి. అక్కడ ఏడాదికి ఒకే పంట. కోతలయ్యాక గట్లు ఎండి బీటలు వారకుండా మళ్ళలో నీరు నిలిపి ఉంచుతారు కాబట్టి, డిసెంబరు నుంచి మార్చి వరకు అద్దాల్లా మెరిసే మళ్ళు కనిపిస్తాయి. వేసవిలో పచ్చదనం, సెప్టెంబరులో పసిడి వన్నె చూడవచ్చు. పొగమంచు మాత్రం చెప్పి రాదు. మొదటి ఉదయం దువొయిషులో రెండు గంటలు వణుకుతూ నిలబడినా మాకు తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకో రాత్రి ఆగబట్టే మర్నాడు చూడగలిగాం. అందుకని పైన పల్లెల్లోనే కనీసం మూడు రాత్రులు ఉండండి. కౌంటీ కేంద్రమైన నాన్‌షా కింద వేడి లోయలో ఉంది, అక్కడ బస చేస్తే తెల్లవారకముందే ఘాట్ రోడ్డు ఎక్కాల్సి వస్తుంది.

యున్నాన్ రాజధాని కున్‌మింగ్ నుంచి జియాన్‌షుయి పట్నం దాకా రైల్లో వెళ్ళి, అక్కడ బస్సు ఎక్కడం మాకు సుఖంగా అనిపించింది. మీరు శాకాహారులైతే జియాన్‌షుయిలో నిప్పుల మీద కాల్చే టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) తినండి. మీరు తిన్న ఒక్కో ముక్కకు అమ్మే ఆమె ఒక్కో మొక్కజొన్న గింజ పక్కన పెట్టి, చివరికి ఆ గింజలు లెక్కపెట్టి డబ్బు అడుగుతుంది.